పులి పడగొట్టిన పశువు

హుజూరాబాదుకు ఉత్తరమున, గోదావరి కావల, కవ్వాల్ అడవి కలదు. అది 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షిత ప్రాంతమైనది. అటవీ సిబ్బంది రేయింబవళ్లు గస్తీ తిరిగినను పులి ప్రాణము వారి చేతిలో మాత్రమే లేదు. పులి తాను చంపిన పెద్ద పశువును ఒక్క పూటలో తినదు, మరల వచ్చును. ఆలోగా కళేబరమునకు విషము పూసినచో గస్తీవారు చేరునప్పటికే అంతయు ముగియును. కవ్వాల్‌కు ఈశాన్యముననున్న కాగజ్‌నగర్ అడవిలో 2024 జనవరిలో రెండు పులులు మృతి చెందినవి. చచ్చిన పశువుపై విషము చల్లిరని కొందరిని అరెస్టు చేసిరి.

పాడియావును పోగొట్టుకొన్న రైతు కోపమును మేము తప్పు పట్టము. అతనికి చట్టము చదివి వినిపించిన చాలదు. నష్టపరిహారము కలదు గాని, కళేబరమును కదల్పక, అటవీ సిబ్బంది వచ్చి చూచిన పిదపనే అది లభించును. కావున పశువు పడినదని తెలిసిన తోడనే పంచాయతీ సభ్యులు అటవీ కార్యాలయమునకు కబురంపవలెను. ప్రొద్దు గ్రుంకక మునుపే అంపవలెను. పులి మరల వచ్చునది తరచుగా చీకటి పడిన తరువాత.