రైతు సేవల సాఫ్ట్‌వేర్ రూపకల్పనలో వినియోగదారుల అభిప్రాయం: భూభారతి అనుభవం నేర్పే పాఠాలు

రైతులకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్‌లో తెరపై ఏముండాలో సాధారణంగా కార్యాలయంలోనే నిర్ణయమవుతుంది. వాడుకలోకి వచ్చిన తరువాత గాని లోపాలు బయటపడవు. తెలంగాణ భూ రికార్డుల పోర్టళ్ల అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ.

2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్‌లో క్రమంగా మాడ్యూళ్ల సంఖ్య 33కు చేరింది. తన సమస్య ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో దరఖాస్తుదారుడే తేల్చుకోవలసి వచ్చేది. 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతిలో వీటిని 6కు కుదించారు. కొత్త విధానాన్ని ముందుగా నాలుగు మండలాలలో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. వాటిలో కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి డివిజన్‌లోని లింగంపేట ఒకటి. అక్కడ గ్రామాలలో రెవెన్యూ సదస్సులు జరిపి, రైతుల నుండి నేరుగా దరఖాస్తులు స్వీకరించారు. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు దీని నుండి గ్రహించదగిన అంశాలు నాలుగు.

1. రైతు మాటలోనే ఎంపికలు: మొక్కజొన్న రైతు "సుడిలో పురుగు పడింది" అంటాడు. యాప్ మొదట పురుగు పేరు అడిగితే అతడు అక్కడే ఆగిపోతాడు. లక్షణాన్ని అడిగి, కత్తెర పురుగు అవునో కాదో తేల్చడం యాప్ బాధ్యత.

2. స్థానిక కొలతలు: మన ప్రాంతంలో 2 ఎకరాల 20 గుంటలను 2.20 అని రాయడం పరిపాటి. ఎకరాకు 40 గుంటలు కనుక అది రెండున్నర ఎకరాలు. సాఫ్ట్‌వేర్ దానిని దశాంశంగా తీసుకుంటే 12 గుంటలు లెక్కలోకి రావు. ఎకరాకు 50 కిలోల చొప్పున ఎరువు సూచిస్తే 125 కిలోలకు బదులు 110 కిలోలే చూపుతుంది. ఎకరాలకు, గుంటలకు వేర్వేరు గడులు ఉంచితే ఈ పొరపాటు జరగదు.

3. ఇద్దరు వినియోగదారులు: అనేక సేవలలో వివరాలు నమోదు చేసేది మీసేవ నిర్వాహకుడు, ఫలితం అనుభవించేది రైతు. కావున ఇద్దరినీ పరిశీలించాలి. సమర్పించే ముందు నమోదైన వివరాలను తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు ఉండాలి.

4. దిద్దుకొనే మార్గం: ధరణికి ఆధారమైన 2020 చట్టంలో అప్పీలుకు వీలు లేదు. 2025 చట్టం రెండంచెల అప్పీలు కల్పించింది. పంట సలహా యాప్‌లోనూ తప్పుగా నమోదైన పంటను, విత్తిన తేదీని రైతు తానే మార్చుకోగలగాలి.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. నమూనా తెరలను కాగితంపై గీసి, ఐదారుగురు రైతుల చేతికిచ్చి, ఒక పని చెప్పి మౌనంగా గమనించాలి. వారిలో చదవడం రానివారు, మహిళలు, కౌలుదారులు తప్పక ఉండాలి. వేలు ఎక్కడ ఆగిందో, ఏ మాటకు అర్థం అడిగారో రాసుకొని, సవరించి, మళ్లీ చూపించాలి. "బాగుందా?" అని అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. పని పూర్తయిందా లేదా అన్నదే అసలైన అభిప్రాయం.

పాసు పుస్తకంలోని ఒక తప్పు రైతుకు పంట రుణాన్ని, పెట్టుబడి సాయాన్ని దూరం చేయగలదు. తప్పుడు సలహా ఒక పంటకాలాన్నే దెబ్బతీయగలదు. కాబట్టి రైతు తడబడిన ప్రతిచోటా లోపం రైతుది కాదు, తెరదేనని భావించి సవరణకు పూనుకోవాలి.