చివరి వరుసకూ మాట వినబడాలి

వేములపల్లి నుంచి హైదరాబాదు వెళ్ళినవారు అసెంబ్లీ దగ్గర రవీంద్రభారతిని చూసే ఉంటారు. ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైన ఆ మందిరానికి వాస్తుశిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్. ఇలాంటి సభామందిరాలకు అందం ఒక్కటే చాలదు, చివరి వరుసకూ మాట వినబడాలి.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. గట్టి గోడలకు తగిలి పదేపదే తిరిగొచ్చి తరువాతి మాటలను కప్పేస్తుంది. ఇదే ప్రతినాదం. గుడ్డలు, మెత్తటి కుర్చీలు, కూర్చున్న మనుషులు దాన్ని పీల్చుకుంటారు. ఈ లెక్క తేల్చినవాడు అమెరికా శాస్త్రవేత్త వాలెస్ సబీన్. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలును ఆ లెక్కతోనే కట్టారు.

హాస్టల్ భోజనశాలలో సభ జరిగితే వెనక కూర్చున్న చిన్న తమ్ముళ్ళు గోల చేస్తారని కోప్పడతాం. ఒకప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను. మాట వినబడకే ఆ గోల. ఈ వార్షికోత్సవానికి వెనక గోడకు మన దుప్పట్లు వేలాడదీసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.