ఆ మాట ఇక్కడ ఏం పని చేస్తోంది?

హోంవర్కులో 'రౌండ్' కింద గీత గీసి ఉంటుంది. ఇదేం భాషాభాగం అని పిల్లలు అడుగుతారు. 'గుండ్రం కదా, విశేషణం' అని మనం ఠక్కున చెప్పేస్తాం. వాక్యం చూడకుండా ఆ జవాబు ఇవ్వకండి. 'ఎ రౌండ్ టేబుల్'లో అది విశేషణమే. 'ద ఫైనల్ రౌండ్'లో నామవాచకం. లెక్కల పుస్తకంలో 'రౌండ్ 47 టు ద నియరెస్ట్ టెన్' అని ఉంటే క్రియ. 'దే సాట్ రౌండ్ ద టేబుల్'లో ప్రిపోజిషన్. ముందు వాక్యమంతా పైకి చదివించి, ఈ మాట ఇక్కడ ఏం పని చేస్తోందని అడగండి.

పిల్లలకు ఇదేమీ కొత్త కాదు. 'దగ్గు తగ్గిందా?' అన్నా, 'గట్టిగా దగ్గు' అన్నా తేడా వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. నవ్వు, తుమ్ము, చదువు కూడా అంతే. కాకపోతే తెలుగులో చాలాచోట్ల కి, ని, గా వంటివి మాట చివర చేరి దాని పనేమిటో చెప్పేస్తాయి. పాత ఇంగ్లీషుకూ అలాంటి ప్రత్యయాలు బాగానే ఉండేవి. కాలక్రమంలో చాలావరకు రాలిపోయాయి. ఇప్పుడక్కడ మాట కూర్చున్న చోటే ముఖ్యం.

ఈ 'గా' ఒక చిక్కు తెస్తుంది. 'ఫాస్ట్‌గా పరిగెత్తు' అనే ఇళ్లలో పిల్లలు 'రన్ ఫాస్ట్‌లీ' అని రాస్తారు. కోప్పడాల్సిన తప్పు కాదది, తెలుగు లెక్క ప్రకారం సబబే. ఫాస్ట్ ఏమీ తగిలించుకోకుండానే క్రియా విశేషణం అవుతుందని చెప్పండి చాలు. 'హార్డ్' దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త: 'హి హార్డ్‌లీ వర్క్స్' అంటే కష్టపడతాడని కాదు, దాదాపు పనే చెయ్యడని!

ముందు 'ద' ఉంటే నామవాచకం, 'టు' ఉంటే క్రియ అనే చిట్కాలు గైడుల్లో కనిపిస్తాయి. పూర్తిగా నమ్మకండి. 'షి వాంట్స్ టు వర్క్'లో వర్క్ క్రియ, 'షి గోస్ టు వర్క్'లో నామవాచకం.

చెవినీ వాడుకోనివ్వండి. రికార్డ్ నామవాచకమైతే మొదట్లో ఒత్తి పలుకుతారు, క్రియ అయితే చివర్లో. 'యూస్' నామవాచకం, 'యూజ్' క్రియ. స్పెల్లింగు మాత్రం ఒకటే. మనం రెండిటినీ 'యూజ్' అనేస్తుంటాం, కాబట్టి ఈ పాఠం పిల్లలతో పాటు మనకూ.

జాబితాలు బట్టీ పట్టించేకంటే ఒక్క మాట ఇచ్చి నిఘంటువు చేతిలో పెట్టండి. 'వెల్' బాగుంటుంది. 'బాగా' దొరుకుతుంది, బావి దొరుకుతుంది, 'ఐ యామ్ నాట్ వెల్' దొరుకుతుంది. కళ్లలో నీళ్లు ఉబకడానికీ అదే మాట వాడతారని చూసినప్పుడు, ఆ వాక్యమేదో వాళ్లనే రాయమనండి.