కుందేలుకు వచ్చినది ముసలితనమా, జబ్బా?



సంతలో గిత్త నోరు తెరచి చూచి, అది రెండు పళ్లదో, ఆరు పళ్లదో, కడపళ్లు వేసినదో మీరు క్షణములో చెప్పగలరు. పిల్లల ముచ్చటకై ఇంట పెంచుకొను కుందేలునకు ఈ లెక్క పనికిరాదు. దాని పళ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. ముందుపళ్లు వారమునకు 2 మొదలు 3 మిల్లీమీటర్ల వరకు పెరుగుచు, మేత కొరుకుటచే అరుగుచుండును. కావున దాని వయస్సును నోటిలో గాక నడతలో చూడవలెను.

బాగుగా సాకిన కుందేలు 8 మొదలు 12 సంవత్సరములు బ్రతుకును. 5, 6 సంవత్సరములు దాటిన పిమ్మట ఈ క్రింది గుర్తులు మెల్లమెల్లగా కానవచ్చును.

1. గెంతుట తగ్గును. కీళ్లు బిగిసి, గట్టు ఎక్కుటకు వెనుకాడును.
2. తిరుగుట తగ్గుటచే గోళ్లు అరుగక పొడుగగును.
3. నడుము వంచలేక ఒళ్లు శుభ్రము చేసుకొనదు. బొచ్చు చిక్కుపడి, వెనుకభాగము మురికియగును.
4. తొడల కండ తగ్గి, వెన్నెముక చేతికి తగులును.
5. కంటిపాప తెల్లబడవచ్చును.

ఇక ముఖ్యమైన సంగతి. కుందేలు బాధను దాచుకొను జంతువు. "ముసలిదైనది, అంతే" అని ఊరకున్నచో నయమగు జబ్బు కూడ ముదిరి ప్రాణము తీయును. ఒక్క దినములో వచ్చిన మార్పు ముసలితనము కాదు. పూటంతయు మేత ముట్టకున్నను, పెంటికలు వేయకున్నను తెల్లవారువరకు ఆగక పశువైద్యునకు చూపవలెను. మెల్లగా వచ్చినదెల్ల ముసలితనమే యనియు తలచరాదు. గడ్డి వదలి మెత్తని మేతనే కోరుచు, గడ్డము క్రింద చొంగతో తడిసియున్నచో దవడపళ్లు చెడినవని అనుమానింపవలెను. 4 సంవత్సరములు దాటిన ఆడకుందేలు మూత్రములో రక్తము కనిపించినచో గర్భసంచిలో కంతి యుండవచ్చును. మనుష్యుల మందులు సొంతముగా వేయరాదు. అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇచ్చిన, ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి కుందేలు చనిపోవచ్చును.

కొల్లేటి చుట్టుపట్ల నేల చెమ్మ ఎక్కువ. చెమ్మనేలపై ముసలి కుందేలు కాలి మడమలు పుండ్లు పడును. వానకాలములో మురికి వెనుకభాగమున ఈగలు గ్రుడ్లు పెట్టగా, ఒకటి రెండు దినములలోనే పురుగులు పడును. కావున దినమునకు రెండుసార్లు ఎత్తి చూడవలెను. అడుగున ఎండు వరిగడ్డి పరచి, తడిసినప్పుడెల్ల మార్చవలెను. నీళ్ల గిన్నె తల ఎత్తకుండ అందవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెం వేసవి ఎండలలో నీడ, గాలి, చల్లని నీరు తప్పనిసరి.

గరిక ముఖ్యాహారము; పిల్లిపెసర కొద్దిగా మాత్రమే ఈయవలెను. పురుగుమందు చల్లిన చేని గట్టు గడ్డి కోయరాదు.

నెలకొకసారి కుందేలును తూచి, తేదీతో గోడపై వ్రాసి యుంచుడు. గిత్త వయస్సును పళ్లు చెప్పినట్లు, కుందేలు మంచిచెడ్డలను ఆ అంకెలు మీకు ముందుగా చెప్పును.