షోరూంలో మనిషిని చూసి ధర చెబితే

2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో ఒక యువరైతు బొలెరో పికప్ కొందామని మహీంద్రా షోరూంకు వెళ్లాడు. బండి ధర పది లక్షలు, నీ జేబులో పది రూపాయలైనా ఉన్నాయా అన్నట్టు సేల్స్‌మన్ మాట్లాడాడని ఆ రైతు ఆరోపణ. కాసేపట్లోనే పది లక్షలు తెచ్చి బండి ఇమ్మంటే ఇవ్వలేకపోయారు. గొడవ పోలీసుల దాకా వెళ్లింది, వీడియో దేశమంతా తిరిగింది, ఆనంద్ మహీంద్రా స్వయంగా స్పందించారు. రైతుకు క్షమాపణ దక్కింది, బండీ చేతికొచ్చింది.

అందరికీ అప్పటికప్పుడు పది లక్షలు పుట్టవు. నల్గొండ జిల్లాలోని వాడపల్లి, దామరచర్ల, చుట్టుపక్కల తండాల వాళ్లు కారు కొనాలన్నా, ట్రాలీ ఆటో కొనాలన్నా మిర్యాలగూడకో, కోదాడకో, సూర్యాపేటకో పోతుంటారు. వడ్ల పైసలు చేతికొచ్చిన రైతు ఒకరు, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవారొకరు, థర్మల్ ప్లాంటు దగ్గర కిరాయికి తిప్పుకుందామనుకునే కుర్రాడు ఇంకొకరు. లోపలికి అడుగు పెట్టగానే “కొనేటోళ్లేనా, చూసిపోయేటోళ్లా?” అని అడిగితే మనసు చివుక్కుమంటుంది. ఆ మాటకు చట్టంలో జవాబు ఉందా?

ముందు నిజం చెప్పాలి. పేదవాడిలా కనిపిస్తున్నాడని చిన్నచూపు చూడటాన్ని నేరంగా చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఒకరికి 30 వేలు తగ్గించి మరొకరికి తగ్గించకపోవడం కూడా దానంతటదే నేరం కాదు. ఇది నాకు బాధ కలిగించే లోటు. కానీ ఆ చిన్నచూపు వెనుక కులం ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది.

రాజ్యాంగంలోని 15(2) అధికరణ ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణంలోకి రానివ్వకుండా ఆపకూడదు. దుకాణం అంటే కిరాణా కొట్టు ఒక్కటే కాదు, డబ్బు తీసుకుని సేవ అందించే చోట్లన్నీ వస్తాయని 1948లో రాజ్యాంగ సభలో అంబేడ్కరే వివరించారు. పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1955లోని 6వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. అంటరానితనం కారణంగా వస్తువు అమ్మకపోయినా, మిగతావాళ్లకు అమ్మే షరతుల మీదే అమ్మకపోయినా నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. ‘అవే షరతులు’ అన్న మాట గట్టిగా పట్టుకోండి. బండి అమ్మారు కదా అని తప్పించుకోవడానికి వీల్లేదు. పైగా బాధితుడు షెడ్యూల్డ్ కులానికి చెందినవాడైతే, అంటరానితనం వల్లనే అలా చేశారని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాడే. ఇది 12వ సెక్షన్.

నలుగురిలో కులం పేరుతో తిట్టినా, కావాలని అవమానించినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 వర్తిస్తుంది. తండాల్లోని లంబాడీలకూ ఇది రక్షణే. ఎఫ్ఐఆర్ రాయడానికి ముందు ప్రాథమిక విచారణ కావాలంటూ స్టేషన్‌లో తిప్పి పంపకూడదని 2018 సవరణ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. లాయర్‌కు డబ్బుల్లేవని వెనక్కి తగ్గొద్దు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు.

ఇక కులం ప్రస్తావన రాకుండానే జరిగే మోసం ఉంది. ఎక్కువ మంది నష్టపోయేది అక్కడే. బ్రోచర్ వెనుక పెన్నుతో గీకి ఇచ్చిన లెక్క చూడండి. ఎక్స్ షోరూం, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్. వాటి కింద ‘హ్యాండ్లింగ్’, ‘యాక్సెసరీస్ కిట్’, ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’. పై వరసలో తప్పనిసరివి ఉంటాయి, కింది వరసలోనివి అడిగితే తీసేయాల్సినవి. అడగడం తెలిసినవాళ్లకు తీసేస్తారు, తెలియనివాళ్ల దగ్గర వసూలు చేస్తారు. మనిషిని చూసి ధర చెప్పడమంటే ఇదే. ఇన్సూరెన్సులో కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. కానీ ఏ కంపెనీది, ఎవరి దగ్గర తీసుకోవాలన్నది మీ ఇష్టం. మా దగ్గరే తీసుకుంటేనే డెలివరీ అంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది నిర్బంధ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం సేవాలోపం. కాబట్టి ప్రతి రూపాయి పేరూ రాసి, షోరూం ముద్ర వేసిన కొటేషన్ ఇమ్మని అడగండి. ఆ కాగితం చేతిలో పడ్డాకే అడ్వాన్స్ కట్టండి.

ఫైనాన్స్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘పది శాతం ఫ్లాట్’ అంటారు. 5 లక్షల అప్పు, ఐదేళ్లు, నెలకు 12,500. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి 5 లక్షల మీదే లెక్కేస్తున్నారు. తగ్గే అసలు మీద చూస్తే అది 17 శాతం దాటుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులన్నిటికీ సంతకానికి ముందే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ రేటు అందులో ఉండాలి, అదీ మీకు అర్థమయ్యే భాషలో. తెలుగులో ఇమ్మనండి.

అమెరికాలో ఈ వడ్డీ దగ్గరే జాతి వివక్ష బయటపడింది. అసలు రేటు మీద డీలర్లు తమకు తోచినంత కలుపుకునే వీలుండటంతో నల్లజాతివారు, హిస్పానిక్‌లు, ఆసియా మూలాలవారు ఎక్కువ కట్టాల్సి వచ్చిందని అక్కడి ప్రభుత్వం తేల్చింది. ఆలీ ఫైనాన్షియల్ సంస్థ 2013 డిసెంబరులో 9.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. బాధితులు సుమారు 2,35,000 మంది. డాలస్‌లోనో చికాగోలోనో మొదటి కారు కొంటున్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి. డీలర్ చెప్పిన రేటుకు తలూపకుండా ముందు ఏదైనా క్రెడిట్ యూనియన్ దగ్గర రేటు తెలుసుకుని వెళ్లమనండి.

మన దగ్గర ఇంకో రూపం ఉంది. “మీది నెగటివ్ ఏరియా, లోన్ రాదు” అని ఏజెంటు నోటిమాటతో చెప్పేస్తాడు. ఆ మాట అక్కడితో వదలొద్దు. బ్యాంకు అప్పు నిరాకరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. కులం, మతం, లింగం, వయసు చూసి ఖాతాదారుల పట్ల అన్యాయంగా వివక్ష చూపకూడదని రిజర్వు బ్యాంకు 2014 నాటి హక్కుల పత్రంలో ఉంది. సిబిల్ బాగాలేదంటే, ఏడాదికోసారి ఉచితంగా వచ్చే పూర్తి రిపోర్టు తెప్పించి చూసుకోండి. మీ ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు.

షోరూం మీద ఫిర్యాదు చేయాలంటే, ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారు ఎక్కడ కొన్నా సరే, వాడపల్లి వాసి నల్గొండలోనే కేసు వేయొచ్చు. 2019 చట్టం ఇచ్చిన గొప్ప వెసులుబాటు ఇది. చెల్లించిన ధర 5 లక్షల వరకైతే ఫీజు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. గడువు రెండేళ్లు. కిరాయి బండి కాబట్టి మీరు వినియోగదారుడే కాదని షోరూం లాయరు వాదించొచ్చు. స్వయం ఉపాధితో బతకడానికే కొన్నామని చూపిస్తే ఆ వాదన నిలవదు. అందుకే ఫిర్యాదు మొదటి పేజీలోనే “నా జీవనోపాధి కోసం, నేనే నడుపుకోవడానికి కొన్నాను” అని రాయండి. సేల్స్‌మన్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకండి, ఆ ఫోన్ మార్చకండి. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. దాని నమూనా ఆ చట్టం చివర షెడ్యూలులోనే ఉంది.