ఊరికే కూర్చున్న ట్రాన్సాక్షన్

చి. అమ్మలూ,

రాత్రిపూట పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చూసుకునే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం.

సైట్ నెమ్మదించిందని ఫోన్ రాగానే అందరూ ఏ క్వెరీ ఎక్కువసేపు నడుస్తోందా అని వెతుకుతారు. నువ్వు మాత్రం ముందు ఏ ట్రాన్సాక్షన్ ఎప్పటినుంచి తెరిచి ఉందో చూడు. పీజీ_స్టాట్_యాక్టివిటీని ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ ప్రకారం పాతవి పైకి వచ్చేలా వరసపెట్టుకో. పైన 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' కనబడితే అక్కడే ఆగు. దాని పక్కన కనిపించే క్వెరీ ఎప్పుడో ముగిసిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది కాదు. కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే.

ఒక ప్రోగ్రామ్ ఆర్డర్ల టేబుల్లో ఒక్క వరసను అప్‌డేట్ చేసి, కమిట్ చేయకుండా పేమెంట్ గేట్‌వే జవాబు కోసం కూర్చుందనుకో. అప్పటికి పెద్ద నష్టం కనిపించదు. ఈలోగా ఎవరో అదే టేబుల్‌కు ఒక కాలమ్ చేర్చబోయారు. ఆ ఆల్టర్ టేబుల్‌కు పూర్తి తాళం కావాలి కనుక అది ఆగింది. దాని వెనక మామూలు సెలెక్ట్‌లు కూడా ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి. తెర మీద వందల క్వెరీలు చిక్కుకున్నట్టుంటాయి, కారణం మాత్రం ఏ పనీ చేయని ఆ ఒక్క కనెక్షన్. పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్‌తో సెలెక్ట్ నుంచి ఆల్టర్‌కు, ఆల్టర్ నుంచి దాన్ని ఆపుతున్న కనెక్షన్‌కు, ఇలా ఇంకెవరి కోసమూ ఆగనిది దొరికేదాకా వెళ్లు.

దొరికాక పీజీ_క్యాన్సెల్_బ్యాకెండ్ పనికిరాదు. అది నడుస్తున్న క్వెరీని మాత్రమే ఆపుతుంది, ఇక్కడ నడుస్తున్నదేమీ లేదు. పీజీ_టెర్మినేట్_బ్యాకెండే వాడాలి. కానీ అమ్మా, అప్పుడు ఆ ట్రాన్సాక్షన్ చేసిన పనంతా వెనక్కి పోతుంది. యూజర్ పేరు, అప్లికేషన్ పేరు చూసి, వీలైతే సంబంధించినవాళ్లకు ఒక మాట చెప్పి అప్పుడు ఆపు.

తాళాల గొడవ లేకపోయినా ఇలాంటివి వదలకూడదు. ఏదైనా రాసి కమిట్ కాకుండా ఉన్న ట్రాన్సాక్షన్ తెరిచి ఉన్నంతసేపూ, ఆ తర్వాత చనిపోయిన వరసలను వాక్యూమ్ తీసేయలేదు. టేబుళ్లు ఉబ్బుతూనే ఉంటాయి.

2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచీ ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ ఉంది. మామూలుగా అది సున్నా, అంటే పనిచేయదు. అప్లికేషన్ టీముతో మాట్లాడి తగిన విలువ పెట్టించు. ఇతరుల క్వెరీలు నీకు కనబడాలంటే పీజీ_మానిటర్ లాంటి రోల్ కావాలి. మొదటి రాత్రి డ్యూటీకి ముందే అది అడిగి తీసుకో.

మీ పెదనాన్న