కంది గింజను నడిపిద్దాం

గింజను కొంచెం జరిపి ఒక ఫోటో, మళ్ళీ జరిపి ఇంకో ఫోటో తీయాలి. వరుసగా వేగంగా చూపితే గింజ తానే నడిచినట్లు కనబడుతుంది. దీన్నే స్టాప్ మోషన్ అంటారు. 1912లో దాదాసాహెబ్ ఫాల్కే గారు బఠానీ గింజ మొలిచి మొక్క కావడాన్ని ఇట్లనే ఆగి ఆగి తీసినారు. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికీ ఒక సినిమా కావాలి కదా!

కెమెరా, కంప్యూటరు, సాఫ్టువేరు మూడింటికీ పొత్తు కుదరాలి. మాకది తెలియలేదు. ఒక అక్క తెచ్చిన చిన్న కెమెరాను కంప్యూటరుకు తగిలించినాం. ఫోటోలు దిగినయి గానీ, సాఫ్టువేరులో కెమెరా కనబడనే లేదు. ఒక ఆదివారం వృథా అయింది.

అందుకే ఇట్ల చూసుకోవాలి:

1. మొదలు సాఫ్టువేరు. అది మన కంప్యూటరులో నడుస్తదా? డ్రాగన్‌ఫ్రేమ్ వంటివాటికి కలిసే కెమెరాల జాబితా ఉంటుంది. అందులో లేని కెమెరా కొనవద్దు.

2. ఫోకసు, వెలుతురు మన చేతితో నిలిపే కెమెరా కావాలి. లేకుంటే బొమ్మ మిణుకుమంటుంది.

3. మామూలు యూఎస్‌బీ వెబ్ కెమెరా చాలా కంప్యూటర్లకు వెంటనే కలుస్తుంది. ఖర్చు తక్కువ.

4. గింజల కింద తాండూరు నాపబండ పెట్టాలి. చదునుగా ఉంటది, కదలదు.

సెకనుకు 12 ఫోటోలైతే 10 సెకన్లకు 120. ఓపిక కావాలి.

వార్డెన్ మేడం గారూ, ఖరీదైన కెమెరా వద్దు. ఒక వెబ్ కెమెరా, ఆదివారం రెండు గంటలు కంప్యూటరు ఇప్పించండి. మా తండా కందుల కథ మేమే చూపిస్తాం.